టేకు సైడ్‌బోర్డ్ మీద తెల్ల మచ్చ, లోపల పార్టికల్ బోర్డ్: మోసపోయామా?

వాల్బీ_వాణి
పోయిన నెలలో ఒక పాత డేనిష్ సైడ్‌బోర్డ్ కొన్నాం. 1960ల నాటిది అన్నారు. రెండు మీటర్ల పొడవు, అటూ ఇటూ జరిపే తలుపులు, మధ్యలో ఒకే సైజువి నాలుగు సొరుగులు, కిందికి పోనుపోను సన్నబడే గుండ్రటి కాళ్ళు. కోపెన్‌హాగెన్ వచ్చిన ఏడేళ్ళలో మనసు పడి కొన్న మొదటి వస్తువు ఇదే. మిగతావన్నీ అవసరానికి కొన్నవి. అమ్మినాయన పాత ఫర్నిచర్ బాగుచేసి తన గ్యారేజీలోనే అమ్ముతుంటాడు. "టేకు, మొత్తం రీస్టోర్ చేశాను" అన్నాడు. 7,500 క్రోనర్లు ఇచ్చాం.

ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ బయటపడుతోంది. పైపలక ముందంచు దగ్గర అరచేయంత మేర పాలిపోయిన మచ్చ తేలింది. కొన్న రోజు నూనె నిగనిగలో అది కనబడలేదు. వెనక్కి తిప్పి చూస్తే పక్కపలక లోపల ఉన్నది టేకు కాదు, పార్టికల్ బోర్డ్. దానిమీద టేకు పొర అతికించారు. సొరుగుల్లో రెండోది సగం దాకా వచ్చి బిగుసుకుంటుంది, మూడోది లొడలొడలాడుతుంది. మూడు వారాలుగా దాని ముందు నుంచి నడిచిన ప్రతిసారీ కళ్ళు ఆ మచ్చ మీదికే పోతున్నాయి. మోసపోయామా? మచ్చ పోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి_గట్టు
మోసమే. మా నాన్నది రాజమండ్రిలో వడ్రంగం పని. టేకు అంటే చేవ. మా తాత చేసిన భోషాణం రెండు గోదావరి వరదలు చూసింది, ఇప్పటికీ మూత గట్టిగా పడుతుంది. పార్టికల్ బోర్డ్‌కి పొర అంటించి టేకు అని అమ్మితే ఏ ఊళ్ళో అయినా మోసమే. డబ్బు వెనక్కి అడగండి.

చలికోటు
ఫోటోలు పెట్టండి వాణి గారూ. మచ్చ దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి.

వాల్బీ_వాణి
పెట్టాను. మూడో ఫోటోలో మచ్చ పక్కన వేలు పెట్టి చూపించాను.

పెసరట్టు_ఉప్మా
అబ్బ, ఏం అందంగా ఉందండీ! మచ్చ సంగతి తర్వాత, ముందు దిష్టి తీయండి దానికి.

ఉలి_సుత్తి
గోదారి_గట్టు గారూ, మీ నాన్నగారి మాట గుమ్మానికి, మంచానికి నూటికి నూరుపాళ్ళు నిజం. ఈ సైడ్‌బోర్డ్‌కి మాత్రం వర్తించదు. నేను ఇక్కడ సాయంత్రం క్లాసుల్లో మూడేళ్ళుగా పాత ఫర్నిచర్ రిపేర్ నేర్చుకుంటున్నాను. ఇప్పటిదాకా నా చేతికి వచ్చిన పదకొండు సైడ్‌బోర్డుల్లో ఒక్కటి కూడా మొత్తం గట్టి టేకు కాదు.

ఆ కాలం డేనిష్ సైడ్‌బోర్డులు దాదాపు అన్నీ వినీర్‌వే, అంటే పైన పలచటి చెక్క పొర అతికించినవే. పెద్ద పేరున్న డిజైనర్లవి కూడా అంతే. టేకు ఈ దేశంలో పెరగదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత థాయిలాండ్, బర్మా నుంచి ఓడల్లో వచ్చేది. దాన్ని మిల్లీమీటరు కూడా లేని పొరలుగా కోసి, ఒకే దుంగ పొరలను వరస తప్పకుండా పేర్చి అతికించేవాళ్ళు. వాణి గారి రెండో ఫోటో నిదానంగా చూడండి. ఎడమ తలుపు మీద మొదలైన చెక్క గీత సొరుగుల మీదుగా సాగి కుడి తలుపు చివర దాకా పోతోంది. నది పారినట్టు ఉంది. గట్టి పలకలు అతికి ఇంత వెడల్పున ఆ గీత కలపడం చాలా కష్టం.

ఇంకో కారణం ఇక్కడి ఇళ్ళు. చలికాలం హీటింగ్ వేస్తే గాలి ఎండిపోతుంది, వేసవిలో తేమ పెరుగుతుంది. అరమీటరు వెడల్పు గట్టి పలక ఆ తేడాకి ఉబ్బుతూ కుంచించుకుంటూ చివరికి నెర్రెలిస్తుంది. బోర్డు మీద పొర అయితే పెద్దగా కదలదు. కాళ్ళు, అంచుపట్టీలు, తలుపుల పిడులు మాత్రం గట్టి టేకే అయ్యుంటాయి, చూసుకోండి.

కాబట్టి వినీర్ మోసం కాదు. మోసం ఎక్కడుందంటే ఆ మచ్చలో. అది నీటి మరక కాదు. సాండింగ్ మెషీన్ పెట్టి అంచు దగ్గర పొర అరిగిపోయేదాకా రుద్దేశారు. మీకు కనబడుతున్నది కింది చెక్క. దానిమీద నూనె పట్టించి ఇచ్చారు. నూనె ఇంకేకొద్దీ తేడా తేలింది. అరవై ఏళ్ళు ఒక ఇల్లు కాపాడుకొచ్చిన పొరని పది నిమిషాల్లో తినేశారు. ఇలాంటివి చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

వాల్బీ_వాణి
మీరు చెప్పాక ఇప్పుడే లేచి వెళ్ళి ఆ గీత వెంట వేలు పెట్టి నడిపించాను. నిజంగానే తెగకుండా ఉంది. మూడు వారాల్లో ఇది చూడనే లేదు నేను. అయితే మచ్చ ఇంక పోదా?

గోదారి_గట్టు
గీత బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఉలి_సుత్తి గారూ, గట్టి చెక్క అయితే ఈ గొడవే ఉండేది కాదు కదా. చిత్రిక పట్టి మళ్ళీ పాలిష్ చేస్తే కొత్తదైపోయేది. పొర అంటే ఒక్క తప్పు చేస్తే అయిపోయింది. అది బలహీనత కాదా?

ఉలి_సుత్తి
అది బలహీనతే, కాదనను. అందుకే దీన్ని ముట్టుకునే ముందు చెయ్యి పదిసార్లు ఆలోచించాలి. మెషీన్‌తో రుద్దేవాళ్ళ మీద నాకు కోపం అందుకే.

ఆర్హుస్_అబ్బాయి
ఎవరి డిజైన్ అని చెప్పాడండీ అమ్మినాయన? వెనక ముద్ర ఏమైనా ఉందా?

వాల్బీ_వాణి
"ఆర్నె వొడర్ తరహా" అన్నాడు. వెనక మేడ్ ఇన్ డెన్మార్క్ అని కాల్చి వేసిన ముద్ర ఒకటి ఉంది. సొరుగు లోపల చిన్న గుండ్రటి బిళ్ళలాంటి గుర్తు.

ఆర్హుస్_అబ్బాయి
"తరహా" అన్నాడంటే ఆయనది కాదని అర్థం. వొడర్ పేరున్న డేనిష్ డిజైనర్, ఇంకో పెద్ద డిజైనర్ ఫిన్ యూల్ దగ్గర చదువుకున్నాయన. సిబాస్ట్ కంపెనీకి ఆయన గీసిన 29వ మోడల్ సైడ్‌బోర్డ్‌కి చాలా పేరు. దాని తలుపులు తిప్పి పెట్టుకోవచ్చు, ఒక వైపు టేకు, రెండో వైపు రంగు. మీ తలుపులు బయటికి తీసి వెనక వైపు రంగుందేమో చూడండి, లేకపోతే ఆ ఆశ వదిలేయండి. గుండ్రటి గుర్తు డేనిష్ ఫర్నిచర్ మేకర్స్ కంట్రోల్ వాళ్ళది అయ్యుంటుంది. అది నాణ్యత ముద్ర, డిజైనర్ పేరు చెప్పదు. పేరు లేకపోయినా బాధపడకండి. ఆ రోజుల్లో చిన్న చిన్న ఊళ్ళ వర్క్‌షాపుల్లో తయారైన మంచి సరుకు చాలా ఉంది.

వాల్బీ_వాణి
తలుపులు తీసి చూశాం. రెండు వైపులా టేకే, రంగు లేదు. పరవాలేదు.

లక్ష్మి_ఓడెన్స
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మా దగ్గరా ఒకటుంది, ఎర్రటి గోధుమ మీద నల్ల చారలు. పాలిసాండర్, అంటే రోజ్‌వుడ్ అన్నారు. ఏడాదిలో ఇండియా వెళ్ళిపోతున్నాం. అమ్మేయాలా, పట్టుకెళ్ళాలా?

మాల్మో_మనిషి
లక్ష్మి గారూ, ముందు అది ఏ పాలిసాండరో తేల్చుకోండి. రియో పాలిసాండర్ అయితే బ్రెజిల్ రోజ్‌వుడ్. అంతరించే ప్రమాదమున్న చెట్లు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 1992 నుంచి అది దాని మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది. ఈయూలో అమ్మాలన్నా ముందు సర్టిఫికెట్ తీసుకోవాలి. ఊరికే ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టి అమ్మితే చిక్కే. 1947కి ముందు తయారైన వాటికి మినహాయింపు ఉంది కానీ మీది 60లది అంటే అది వర్తించదు. దేశం దాటించాలన్నా అనుమతి కావాలి. టేకుకి ఈ బాధ లేదు, అది ఆ జాబితాలో లేదు. కాబట్టి వాణి గారు నిశ్చింతగా ఉండొచ్చు.

లక్ష్మి_ఓడెన్స
అయ్యో, ఇది తెలియక పోయిన వారం ఒకాయనకి ధర కూడా చెప్పేశాను. ఆపేస్తాను. చాలా థ్యాంక్స్ అండీ.

గోదారి_గట్టు
రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగు జాతే కదా? మా ఊళ్ళో దానితో వీణ బుర్ర చేస్తారా అని అడిగితే నాన్న నవ్వారు. వీణకి పనస అట. జిట్రేగు మంచాలకి, కుర్చీలకి.

మాల్మో_మనిషి
అదే కుటుంబం, వేరే చెట్టు. మన జిట్రేగు కూడా సైటిస్ జాబితాలో ఉంది, రెండో అనుబంధంలో.

చలికోటు
టేకు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఇంగ్లిష్‌లో టీక్ అనే మాట పోర్చుగీసు మీదుగా మలయాళం తేక్కు నుంచి వెళ్ళింది. డేనిష్‌లోనూ అదే మాట. మన టేకు దానికి తోబుట్టువు. మా డేనిష్ పక్కింటావిడతో మా అమ్మ ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఇద్దరికీ కలిసిన ఒకే ఒక్క మాట అది. ఇద్దరూ టేబుల్ మీద కొడుతూ "టేకు, టేకు" అనుకున్నారు.

పెసరట్టు_ఉప్మా
చలికోటు గారూ, భలే చెప్పారు.

నాదీ ఒక కేసు ఉంది. మా సైడ్‌బోర్డ్ మీదే దేవుడి పటాలు పెట్టాం. దీపం కుందె కింద నువ్వుల నూనె కారి గుండ్రటి నల్ల మరక, పక్కనే పసుపు చెయ్యి ముద్ర. శ్రావణ శుక్రవారం నాటిది. తుడిస్తే పోవట్లేదు. ఏం చెయ్యాలి?

ఉలి_సుత్తి
పసుపు సంగతి వదిలేయండి, కిటికీ దగ్గర వెలుతురు తగిలితే కొన్ని వారాల్లో దానంతటదే వెలిసిపోతుంది. నువ్వుల నూనె మొండిది. అవిసె నూనెలా గట్టిపడదు, జిడ్డుగానే ఉండిపోయి దుమ్ము పట్టుకుంటుంది. వైట్ స్పిరిట్‌లో (పెయింట్లు పలచన చేసే ద్రావకం) మెత్తటి గుడ్డ తడిపి, గీతల వెంట తుడవండి. అడ్డంగా రుద్దొద్దు. గుడ్డ మీదికి గోధుమ రంగు వస్తుంటే జిడ్డు దిగుతోందని లెక్క. రెండు మూడు సార్లు చేసి ఒక రోజు వదిలేయండి. ముందు వెనక వైపు ఎక్కడైనా కనబడని చోట చేసి చూసుకోండి. ఇకపై కుందె కింద ఒక ఇత్తడి పళ్ళెం పెట్టండి.

చలికోటు
అందరికీ ఒక మాట. రేడియేటర్‌కి ఆనించి పెట్టకండి. మా ఇంట్లో జనవరిలో తేమ 30 శాతం కంటే కిందికి పోయింది, పాత అల్మరా పక్కపలక మీద పొర లేచి బుడగలా వచ్చింది. వేలితో తడితే డొల్ల శబ్దం. దానికేం చెయ్యాలో ఉలి_సుత్తి గారు చెప్పాలి.

ఉలి_సుత్తి
డొల్ల శబ్దం వచ్చిన చోట పొర పగలకపోతే అదృష్టం. గీత వెంట సన్నటి బ్లేడుతో చీరి, సిరంజితో జిగురు ఎక్కించి, మైనపు కాగితం వేసి, చదునైన చెక్క పెట్టి బరువు పెట్టాలి. ఒక రాత్రంతా ఉంచాలి. ఇస్త్రీ పెట్టె పెట్టి అంటించే పద్ధతి కూడా ఉంది, పాతది వేడికి కరిగే జిగురైతే మళ్ళీ పట్టుకుంటుంది. కానీ చెయ్యి తిరిగినవాళ్ళు చెయ్యాలి. వేడి ఎక్కువైతే పక్కన బాగున్న చోటు కూడా ఊడుతుంది.

వాల్బీ_వాణి
నా మచ్చ సంగతి మర్చిపోయారు అందరూ. నూనె మళ్ళీ రెండు కోట్లు వేద్దామా అంటున్నారు మావారు.

ఉలి_సుత్తి
మర్చిపోలేదు వాణి గారూ. నూనె వెయ్యొద్దు. అక్కడ టేకే లేదు, ఎంత నూనె తాగినా కింది చెక్కకి టేకు రంగు రాదు. పైగా మిగతా పలక ముదురుతుంది, మచ్చ ఇంకా తేలుతుంది. మీకు రెండు దారులు. ఒకటి, ముందంచు మొత్తం కొత్త టేకు పొర వేయించడం. ఖర్చు, పైగా గీత కలవదు. కొత్తగా కోసిన టేకు ఆకుపచ్చ కలిసిన చారలతో ఉంటుంది, గాలీ వెలుతురూ తగిలి బంగారు రంగుకి రావడానికి టైం పడుతుంది. రెండు, రంగు దిద్దడం. నేనైతే రెండోదే చేస్తాను.

బొమ్మలు వేసే సన్నటి కుంచె, చెక్క రంగులు మూడు తీసుకోండి: లేత తేనె, ముదురు తేనె, కాఫీ గోధుమ. ముందు వైట్ స్పిరిట్‌తో జిడ్డు తీయండి. లేత రంగు బాగా పలచన చేసి మచ్చంతా పట్టించండి, అంచుల దగ్గర గుడ్డతో కలిపేయండి. ఆరాక పక్కనున్న గీతలు చూస్తూ ముదురు రంగుతో ఒక్కో గీత లోపలికి సాగదీయండి. గీత వణికినా పరవాలేదు, చెట్టు కూడా స్కేలు పెట్టుకుని పెరగదు. ఒక రోజు ఆరనిచ్చి పైన పలచగా మైనం.

చాలా ముఖ్యం: నూనె పట్టించిన గుడ్డలు ఉండచుట్టి బుట్టలో పడేయొద్దు. అవిసె నూనె, టేకు ఆయిల్ ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. బయట విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పడేయండి. ఇది నిజంగా జరిగే ప్రమాదం.

గోదారి_గట్టు
గుడ్డల మాట నాన్న కూడా చెప్తారు. పాలిష్ గుడ్డలు షెడ్డు బయట తీగ మీదే ఉండేవి ఎప్పుడూ. ఎందుకో ఈ రోజు తెలిసింది.

మాల్మో_మనిషి
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. అమ్మినాయన వ్యాపారంగా చేస్తుంటే పాత సామానుకి కూడా డెన్మార్క్‌లో రెండేళ్ళ దాకా ఫిర్యాదు హక్కు ఉంది. గొడవ పెట్టుకోమని కాదు, మెయిల్ రాసి ఫోటో పంపండి.

చలికోటు
నేనైతే వెనక్కి ఇచ్చేస్తాను. రీస్టోర్ అని చెప్పి పాడుచేసి అమ్మినదాన్ని ఎందుకు ఉంచుకోవాలి?

వాల్బీ_వాణి
చలికోటు గారూ, మొన్నటిదాకా నాదీ అదే ఆలోచన. కానీ ఇప్పుడు ఇవ్వబుద్ధి కావడం లేదు. మా పాప దాని జరిపే తలుపుని రోజుకి ఇరవైసార్లు జరుపుతుంది. అది గాడిలో పోతూ చేసే మెత్తటి శబ్దం ఇంట్లో కలిసిపోయింది. మెయిల్ మాత్రం రాస్తాను.

ఆర్హుస్_అబ్బాయి
లోపల అరలు ఎలా సరిపోతున్నాయండీ మీకు? 1950లలో బోర్గె మోగెన్సెన్, గ్రెతె మేయర్ కలిసి ఒక సగటు ఇంట్లో ఎన్ని చొక్కాలు, ఎన్ని పళ్ళేలు ఉంటాయి, ఒక్కోటి ఎంత చోటు పడుతుంది అని కొలిచి మరీ అల్మరాలు గీశారు. వాళ్ళకంటే ముందు 1924 నుంచి కారె క్లింట్ ఇక్కడి కళల అకాడమీలో విద్యార్థులకి ఇదే నేర్పాడు: ముందు మనిషిని కొలువు, తర్వాత కుర్చీ గీయి. అందుకే నాకు ఈ ఫర్నిచర్ అంటే ప్రాణం. కోపెన్‌హాగెన్‌లో ఉన్నారు కాబట్టి బ్రెడ్‌గేడ్ వీధిలో ఉన్న డిజైన్ మ్యూజియానికి ఒక ఆదివారం వెళ్ళిరండి.

వాల్బీ_వాణి
పళ్ళేలు చక్కగా పడుతున్నాయి. ఇడ్లీ పాత్ర మాత్రం పట్టలేదు. పై సొరుగులో స్పూన్ల కోసం పచ్చ బనాతు పరిచిన అరలున్నాయి, అది చాలా బాగుంది.

పెసరట్టు_ఉప్మా
ఇడ్లీ పాత్రని ఎవరూ కొలవలేదన్నమాట! ఆ బనాతు మీద పోపుల పెట్టె మాత్రం పెట్టకండి.

వడ్ల_వారి_వాడు
ఈ రోజే చూశాను ఈ చర్చ. సొరుగుల గురించి ఎవరూ మాట్లాడలేదు. వాణి గారూ, ఒకటి బిగువు, పక్కది వదులు, నాలుగూ ఒకే సైజు అన్నారు. మైనం రాయడం, అంచు గీకడం లాంటివి చెయ్యకండి. సొరుగులు పూర్తిగా బయటికి లాగి తిరగేసి అడుగున, వెనక చూడండి. పెన్సిల్‌తో అంకెలు ఉండొచ్చు. చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఒక్కో సొరుగుని దాని గూటికి తగ్గట్టు చేత్తో సరిచేసి, గుర్తు కోసం అంకె వేస్తారు. బాగుచేసినాయన తారుమారు చేసి పెట్టాడని నా అనుమానం.

ఉలి_సుత్తి
అరే, నాకు తట్టలేదు ఇది. ముందు గీత కలుస్తోంది కదా అనుకున్నాను. కానీ సొరుగుల ముందు గీతలు దాదాపు తిన్నగా ఉన్నాయి, రెండు మూడు మారినా కంటికి ఆనదు.

వాల్బీ_వాణి
ఉన్నాయి! అడుగు పలక వెనక మూల పెన్సిల్‌తో 1, 3, 2, 4. అంకెలు వెలిసిపోయాయి, టార్చ్ వేస్తే కనబడ్డాయి. 3 అంకె తల చదునుగా ఉంది, ఎవరో తొందరలో రాసినట్టు. రెండూ మార్చి పెట్టాం. రెండోది తోస్తే చివర్లో గాలి "హుస్" మని బయటికొచ్చి తనంతట తానే మెల్లగా మూసుకుంది. మావారు నాలుగుసార్లు తీసి మూశారు. వడ్ల_వారి_వాడు గారూ, మీకు చేతులెత్తి దండం.

వడ్ల_వారి_వాడు
ఆ గాలి వచ్చిందంటే సొరుగు సరైన గూట్లో ఉన్నట్టే అమ్మా. పనివాడు మంచివాడు.

ఉలి_సుత్తి
మచ్చ ఏమైంది?

వాల్బీ_వాణి
(రెండు వారాల తర్వాత) రెండు శనివారాలు పట్టింది. మొదటిసారి కాఫీ రంగు ఎక్కువైంది, తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాను. పాప పక్కన కూర్చుని "అమ్మా, ఈ గీత ఇంకా లోపలికి" అని చూపిస్తూ పోయింది. ఇరవై మూడు గీతలు లాగాను. పైన మైనం రాశాక, నిలబడి చూస్తే కనబడదు. వంగి పక్క నుంచి వెలుతురులో చూస్తే తెలుస్తుంది. అమ్మినాయనకి ఫోటో పంపితే క్షమించమని రాసి 1,500 క్రోనర్లు వెనక్కి వేశాడు. ఇకమీదట వినీర్ మీద మెషీన్ పెట్టనని కూడా రాశాడు.

గోదారి_గట్టు
బాగుందండీ. మీ ఫోటోలన్నీ నాన్నకి వాట్సాప్‌లో పంపించా. మొత్తం చూసి, "లోపల బోర్డు అయితే చెదలున్న మన ఊళ్ళో ఇది నిలవదురా" అన్నారు. ఆ మాట మీద నేనూ నిలబడుతున్నా, ఇండియా తీసుకెళ్ళే ఆలోచన ఉంటే జాగ్రత్త. కానీ సొరుగు ఫోటో దగ్గర ఆగిపోయారు. మూలల్లో పళ్ళు ఒకదాంట్లో ఒకటి దూరే ఆ డవ్‌టెయిల్ అతుకులు చేత్తో కోసినవా, మెషీన్‌వా అని అడుగుతున్నారు. దగ్గర నుంచి ఒక ఫోటో పెడతారా?

వడ్ల_వారి_వాడు
పళ్ళన్నీ ఒకే వెడల్పుంటే మెషీన్. ఎక్కడైనా ఉలి జారిన గీత, సూదితో గీసిన కొలత గీత కనబడితే చెయ్యి. అవి కనబడేలా పక్క నుంచి లైటు వేసి తియ్యండి.

వాల్బీ_వాణి
పాప పడుకుంది. రేపు పొద్దున కిటికీ దగ్గర పెట్టి, నాలుగు సొరుగులవీ తీసి పంపిస్తాను. నాన్నగారిని ఉండమనండి.